దాగ్ ఎంత పెద్దది?

మన ఇళ్లల్లో ఫాలిజ్ అనే మాట తెలియని వాళ్లుండరు. "ఫాలిజ్ గిరా" అంటాం, పిడుగు పడిందన్నట్టు. మూతి ఒక్కటే వంకర పోతే లఖ్వా అంటాం. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే స్పృహ తప్పి కూలిపోతే పాతకాలం హకీములు సక్తా అనేవారు. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథం 'ఖానూన్'లో ఫాలిజ్ గురించీ, సక్తా గురించీ రాసిపెట్టాడు. మన పక్కింటి తెలుగువాళ్లు పక్షవాతం అంటారు. పక్షం అంటే ఒక వైపు.

ఇన్ని పేర్లున్నాయి గానీ ఏ పేరులోనూ కొలత లేదు. ఉండే వీలు లేదు. బతికున్న మనిషి దిమాగ్‌లో ఎంత మేర దెబ్బతిన్నదో చూసే కిటికీ ఒకప్పుడు ఎవరి దగ్గరా లేదు. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని వింబుల్డన్‌లో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన సీటీ మషీన్‌తో మొదటిసారి ఓ మరీజ్ తల లోపలి తస్వీర్ తీశారు. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఆ మషీన్ మన జిల్లా టౌన్లలో కూడా ఉంది. ఫాలిజ్ పడిన గంటలోనో రెండు గంటల్లోనో మన చేతికి ఓ పెద్ద కవరు ఇస్తారు. అందులో నల్లటి ఫిల్ము, దాంతోపాటు ఒక కాగితం. కాగితంలో మూడు అంకెలు.

ఆ మూడు అంకెల్ని చూసి మన ఖాందాన్‌లలో పెద్ద పెద్ద ఫైసలాలు జరిగిపోతున్నాయి. మరీజ్‌ని దవాఖానాలో ఉంచాలా, ఇంటికి తీసుకుపోవాలా, ప్లాటు అమ్మాలా, ఆపా గాజులు కుదువ పెట్టాలా అన్నవన్నీ ఆ కాగితం చుట్టూనే తిరుగుతాయి. అందుకే దాని గురించి రాస్తున్నాను.

మా అబ్బాకి ఫాలిజ్ పడినప్పుడు ఆయన వయసు 71. కర్నూలులో ఉర్దూ మీడియం స్కూల్లో ముప్పై ఏళ్లు హిసాబ్ చెప్పి రిటైరయ్యారు. రాత్రి ఇషా నమాజ్ అయ్యాక మంచం మీద కూర్చుని అమ్మీతో ఏదో చెప్పబోయారు. మాటలు ఒకదానికొకటి అతకలేదు. కాసేపటికి మగతలోకి పోయారు. దవాఖానాకు చేరేసరికి బీపీ పైది 210. సీటీ తీశారు. నేను జర్నలిస్టుని, ఇంగ్లీషు కాగితాలు చదవడం నా పని అని మావాళ్ల నమ్మకం. కాబట్టి రిపోర్టు నా చేతికొచ్చింది. దిమాగ్ ఎడమ వైపు, చెవికి పై భాగాన, ఖూన్ కారి గడ్డకట్టింది. సైజు: 4.8, 3.6, 4.0 సెంటీమీటర్లు.

బడే అబ్బా అడిగిన మొదటి మాట: "కిత్తా బడా హై రే దాగ్?"

అంతలో బంధువుల్లో ఒకాయన ఫోన్ చేశాడు. చాలాకాలం మెడికల్ షాపులో పనిచేసిన మనిషి. అంకెలు చెప్పించుకుని లెక్కేశాడు. "30 దాటింది. 30 దాటితే ఇక ఉమ్మీద్ పెట్టుకోవద్దు" అన్నాడు. ఆ మాట వరండాలో ఉన్న అందరికీ వినబడింది. బడే అబ్బా కళ్లు తుడుచుకుని, "ఘర్ లేకే జాయేంగే. అప్నే లోగాఁ కే బీచ్ మే రహనే దో" అన్నారు. ఆయన తమ్ముడి మీద ప్రేమతోనే అన్నారు. ఆఖరి ఘడియలు అయినవాళ్ల మధ్య గడవాలని ఎవరికి ఉండదు?

30 అంటే ఏమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్తాను.

సీటీ మషీన్ తలని రొట్టెని కోసినట్టు అడ్డంగా, పలచటి ముక్కలుగా చూపిస్తుంది. నీళ్లకి 0, గాలికి మైనస్ 1000 అని హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే ఒక స్కేలు ఉంది. మామూలు దిమాగ్ అందులో 30, 40 మధ్య ఉంటే, అప్పుడే కారిన ఖూన్ 60, 70 దాకా పోతుంది. అందుకే అది ఫిల్ములో తెల్లగా మెరుస్తుంది. డాక్టరు అన్నిటికంటే పెద్ద తెల్ల దాగ్ ఉన్న ముక్కని ఎంచుకుంటారు. దాని పొడవు ఒక అంకె. దానికి అడ్డంగా వెడల్పు రెండో అంకె. ఎన్ని ముక్కల్లో దాగ్ కనబడిందో లెక్కపెట్టి, ఒక్కో ముక్క మందంతో గుణిస్తే ఎత్తు వస్తుంది. చివర్లో చిన్నగా కనబడే ముక్కల్ని సగంగా లెక్కిస్తారు, మరీ చిన్నవాటిని వదిలేస్తారు. మూడింటినీ గుణించి రెండుతో భాగిస్తారు. అంతే.

అబ్బా లెక్క: 4.8ని 3.6తో గుణించి, దాన్ని 4తో గుణిస్తే 69 చిల్లర. అందులో సగం సుమారు 35. అంటే 35 మిల్లీలీటర్లు. చాయ్ చెంచాతో కొలిస్తే ఏడు చెంచాల ఖూన్.

రెండుతో ఎందుకు భాగించాలి? అబ్బా బోర్డు మీద ఎన్నోసార్లు చెప్పిన పాఠమే ఇది. ఉర్దూ మీడియంలో మేం కురా, ఖుతర్, హజ్మ్ అని చదువుకున్నాం. తెలుగులో గోళం, వ్యాసం, ఘనపరిమాణం. గడ్డకట్టిన ఖూన్ దాదాపు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుందనుకుంటే, దాని హజ్మ్ కట్టడానికి మూడు ఖుతర్‌లని గుణించి, పైతో గుణించి, ఆరుతో భాగించాలి. పై విలువ 3.14 బదులు 3 అనుకుంటే ఆరులో మూడు పోయి రెండు మిగులుతుంది. అమెరికాలోని సిన్సినాటి డాక్టర్లు 1996లో ఈ పద్ధతిని అచ్చేశారు. కంప్యూటర్ లేకుండా, మంచం పక్కన నిలబడి నిమిషంలోపు కట్టేయొచ్చు. ఇది అందాజా మాత్రమే. ఖూన్ గుడ్డులా కాకుండా కొమ్మలు కొమ్మలుగా పాకితే ఈ లెక్క తప్పుతుంది, చాలాసార్లు ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు 30 సంగతి. 2001లో డాక్టర్లు ఒక స్కోరు తయారుచేశారు. దిమాగ్‌లో ఖూన్ కారిన మరీజ్‌కి అయిదు విషయాలు చూస్తారు. స్పృహ ఎంత ఉంది, ఖూన్ 30 మిల్లీలీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉందా, దిమాగ్ మధ్యలో నీళ్లుండే గదుల్లోకి ఖూన్ పోయిందా, దెబ్బ కింది భాగంలో, అంటే చిన్నమెదడు, మెదడు కాండంలో తగిలిందా, వయసు 80 గానీ అంతకు మించి గానీ ఉందా. మొత్తం 6 మార్కులు. అందులో 30 దాటినందుకు పడేది ఒకే ఒక్క మార్కు.

అబ్బాకి 30 దాటినందుకు ఒకటి, మగతగా ఉన్నందుకు ఒకటి. మొత్తం 2. ఆ స్కోరు తయారుచేసినప్పుడు లెక్కలోకి తీసుకున్న మరీజుల్లో, 2 వచ్చిన వాళ్లలో నెల లోపల చనిపోయినవాళ్లు 100కి 26 మంది. మిగతా 74 మంది బతికారు. ఫోన్‌లో మాట్లాడిన బంధువు చెప్పిన 30 నిజమే. ఆ 30కి ఆయన తగిలించిన మతలబ్ మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి అంతకంటే ముఖ్యం. మొదటి రాత్రే అంకె చూసి "ఇక లాభం లేదు" అని ఇలాజ్ తగ్గించేస్తే మరీజ్ చనిపోతాడు. అప్పుడు అందరూ "చూశారా, అంకె నిజమే చెప్పింది" అంటారు. అంకె చెప్పింది కాదు, మనం చేసింది నిజమవుతుంది. ఈ ప్రమాదం డాక్టర్లకు బాగా తెలుసు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఉంది. మరీజ్ ముందే తన మర్జీ చెప్పి ఉండకపోతే, దవాఖానాలో చేరిన రెండో రోజు పూర్తయ్యే దాకా అయినా ఇలాజ్‌కి హద్దులు పెట్టే ఫైసలాలు వాయిదా వేయడం మంచిదని అందులో రాశారు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఆమె బడే అబ్బాని కుర్చీలో కూర్చోబెట్టి, "పెద్దాయనా, ఈ రోజు ఏదీ తేల్చుకోకండి. ఇది ఎంత ఉందన్నది కాదు, పెరుగుతోందా ఆగిందా అన్నది చూడాలి. రేపు మళ్లీ స్కాన్ తీద్దాం. అప్పటిదాకా బీపీ 140 దగ్గరికి దించడం మా పని. రెండు రోజులు మాకివ్వండి" అంది. ఖూన్ కారిన మూడు గంటల్లోపు స్కాన్ తీసినవాళ్లలో మూడోవంతు కంటే ఎక్కువ మందిలో ఒక్క రోజులోనే ఆ దాగ్ బాగా పెరుగుతుంది. మొదటి కొలత అసలు పని అదే. రేపటి కొలతని పోల్చుకోవడానికి అదొక గుర్తు.

బడే అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "దో దిన్ రుకేంగే" అన్నారు. రెండో స్కాన్‌లో కూడా దాగ్ 35 దగ్గరే ఉంది. పెరగలేదు.

ఇదంతా ఖూన్ కారే ఫాలిజ్ సంగతి. ఎక్కువమందికి వచ్చేది రెండో రకం. రగ్‌లో గడ్డ అడ్డుపడి ఖూన్ అందక ఆ మేర దిమాగ్ చచ్చిపోతుంది. మా ఫుప్పూకి వచ్చింది అదే. ఈ రకంలో మొదటి సీటీ తరచూ శుభ్రంగా ఉంటుంది. "స్కాన్‌లో ఏం లేదన్నారు, కానీ చెయ్యి లేవట్లేదు, డాక్టర్లు ఏదో దాస్తున్నారు" అని మన ఆడవాళ్లు గాబరా పడుతుంటారు. ఎవరూ ఏమీ దాయలేదు. చచ్చిన భాగం సీటీలో నల్లగా తేలడానికి గంటలు పడుతుంది. మొదట సీటీ తీసేది ఖూన్ కారలేదని తేల్చుకోవడానికే. అది తేలితేనే నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలరు. ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది. అందులో దెబ్బతిన్న చోటు నిమిషాల్లోనే తెల్లగా బయటపడుతుంది.

ఇక్కడ కొలిచే తీరు కూడా వేరు. కెనడాలోని అల్బర్టా డాక్టర్లు 2000లో ఒక పద్ధతి ఇచ్చారు. దిమాగ్‌లో పక్క భాగానికి ఖూన్ ఇచ్చే పెద్ద రగ్ పరిధిని పది మడులుగా విడగొట్టారు. పదికి పది మార్కులతో మొదలుపెట్టి, దెబ్బ కనబడిన ఒక్కో మడికి ఒక్కో మార్కు తగ్గిస్తారు. 10 అంటే ఇంకా ఏమీ చెడలేదు. 0 అంటే మొత్తం పోయింది. పరీక్ష పేపరు దిద్దినట్టే.

దీనికి తోడు ఇంకో కొలత ఉంది. చచ్చిన భాగం ఎంత, చావకుండా ఖూన్ కోసం ఎదురుచూస్తున్న భాగం ఎంత అని రెండూ విడివిడిగా కొలుస్తారు. పొలానికి నీళ్లు ఆగిపోతే ఒక పక్క పైరు ఎండిపోయి ఉంటుంది, దాని చుట్టూ ఉన్నది వాడిపోయి ఉంటుంది. వాడినదాన్ని నీళ్లు పెట్టి బతికించుకోవచ్చు. పెద్ద రగ్ మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల దిమాగీ కణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు. ఆ వాడిన భాగం మిగిలుంటే, కొందరికి 24 గంటల దాకా కూడా తీగ లోపలికి పంపి గడ్డని బయటకు లాగవచ్చని 2018లో వచ్చిన పరిశోధనలు చూపించాయి.

ఆ పరిశోధనల్లో ఒకటి, చచ్చిన భాగం 70 మిల్లీలీటర్ల లోపు ఉన్నవాళ్లనే తీసుకుంది. అంతకు మించితే లాభం ఉండదని అప్పటి అందాజా. 2022లో జపాన్ డాక్టర్లు పెద్ద దెబ్బ ఉన్నవాళ్లకే ఈ ఇలాజ్ చేసి చూశారు. మూడు నెలల తర్వాత తమంతట తాము నడవగలిగినవాళ్లు 100కి 31 మంది. మందులు మాత్రమే ఇచ్చినవాళ్లలో 100కి 13 మంది. తలలో ఖూన్ కారే ప్రమాదం గడ్డ లాగినవాళ్లలో ఎక్కువే. అయినా "ఇంత పెద్దదైతే వద్దు" అన్న గీత జరిగింది. 2023లో చైనా నుంచి వచ్చిన పరిశోధన కూడా ఆ వైపే చెప్పింది. గీతని గీసింది మనుషులే, జరిపింది కూడా మనుషులే. నిన్న ఒకరికి చెప్పిన అంకె రేపు ఇంకొకరికి అదే మతలబ్ ఇవ్వకపోవచ్చు.

ఫుప్పూ రిపోర్టులో దాగ్ ఒక సెంటీమీటరు కంటే కొంచెం ఎక్కువ. హజ్మ్ కడితే అర మిల్లీలీటరు చిల్లర. పది పన్నెండు చుక్కలు. అబ్బా 35 ముందు అది ఎంత? కానీ ఫుప్పూ కుడి చెయ్యి, కుడి కాలు రెండూ పడిపోయాయి. నాలుగేళ్లయినా కర్ర లేకుండా నడవలేరు. అబ్బా మూడో వారానికే గోడ పట్టుకోకుండా నడిచారు.

కారణం దాగ్ పడిన చోటు. దిమాగ్ పైభాగం నుంచి చేతులకీ కాళ్లకీ హుకుం మోసుకొచ్చే తీగలన్నీ లోపల ఒకచోట ఇరుకు గల్లీలోంచి దిగుతాయి. మన పాతబస్తీ గల్లీలో ఒక్క ఆటో అడ్డం నిలబడితే మొత్తం మొహల్లా ఆగిపోయినట్టు, అక్కడ శనగగింజంత దెబ్బ చాలు, ఒక పక్క మొత్తం పోతుంది. అదే విశాలమైన చోట నిమ్మకాయంత దెబ్బ తగిలినా కాళ్లూ చేతులూ ఆడొచ్చు. మెదడు కాండంలో అయితే అయిదారు మిల్లీలీటర్ల ఖూన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి "ఎంత పెద్దది" అని అడిగితే సగం సవాలే అడిగినట్టు. "ఎక్కడ" అన్నది మిగతా సగం.

"ఏ రోజు తీసింది" అన్నది కూడా అడగాలి. గడ్డ అడ్డుపడిన ఫాలిజ్‌లో మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా వాపు వస్తుంది. అప్పుడు తీస్తే దాగ్ అసలు కంటే పెద్దగా కనబడుతుంది. రెండు మూడు వారాలకి తీసిన సీటీలో ఒక్కోసారి దాగ్ మాయమైపోయినట్టు ఉంటుంది. ఇంట్లో మిఠాయి పంచకండి, అది నయమైనట్టు కాదు. ఆ దశలో దెబ్బతిన్న చోటు మామూలు దిమాగ్ రంగులోనే కనబడుతుంది, అంతే. నెలలు గడిచాక అది కుంచించుకుపోయి నీళ్లు నిండిన గుంటలా మిగులుతుంది. మొదటి రోజు ఫిల్మునీ ఆరో రోజు ఫిల్మునీ పక్కన పెట్టుకుని "పెరిగిపోయింది" అని ఏడ్చే ముందు తేదీలు చూడాలి, డాక్టర్నే అడగాలి.

అబ్బాకి కాళ్లు మిగిలాయి గానీ జబాన్ పోయింది. ఆ ఎడమ చెవి పై భాగమే మాటల ఇల్లు. కళ్లు తెరిచాక పానీ కావాలని అడగలేకపోయారు. గ్లాసు చూపించి ఇంకేదో పేరు చెప్పేవారు. కానీ అమ్మీ పక్కన కూర్చుని సూరా ఫాతిహా మొదలుపెడితే ఆఖరిదాకా తప్పు లేకుండా చదివారు. ఎక్కాలు కూడా అంతే. ఏడో ఎక్కం గడగడా చెప్పిన మనిషి మా చెల్లెలి పేరు చెప్పలేక కన్నీళ్లు పెట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి నోటికి పట్టిన మాటలు వేరే దారిలో వస్తాయని, ఇలా జరగడం మామూలేనని స్పీచ్ థెరపీ నేర్పించిన అమ్మాయి చెప్పింది.

ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. అబ్బా జీవితమంతా ఈ రెండు జబాన్ల మధ్యే నడిచింది. నాకు ఉర్దూ ఆయన నేర్పారు, తెలుగులో డిగ్రీ చేస్తానంటే అడ్డు చెప్పలేదు. దీనికీ స్కాన్‌కీ సంబంధం ఏమిటంటారా? హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటివాళ్లు ఫాలిజ్ వచ్చిన 608 మందిని చూసి 2016లో ఒక పరిశోధన అచ్చేశారు. ఫాలిజ్ తర్వాత యాద్దాష్త్, ఆలోచన మామూలుగా మిగిలినవాళ్లు, ఒకే భాష తెలిసినవాళ్లలో 100కి 20 మంది దాకా. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ భాషలు తెలిసినవాళ్లలో 100కి 40 మంది. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. అంటే రెండు జబాన్లు వచ్చినంత మాత్రాన మాట పోకుండా ఉండదు. దెబ్బ తగిలాక దిమాగ్ మిగతా పనులు చక్కబెట్టుకోవడంలో ఆ అలవాటు సాయపడుతున్నట్టుంది. మన పిల్లల్ని "ఉర్దూ నక్కో, టైమ్ వేస్ట్" అనేవాళ్లు ఈ అంకెల్ని కూడా ఓసారి చూడాలి.

ఏ స్కాన్ రిపోర్టులోనూ మరీజ్‌కి ఎన్ని భాషలొచ్చో ఉండదు. రోజూ గంటసేపు కూర్చుని "ఇది గ్లాస్, ఇది చెంచా" అని చెప్పించే కోడలు ఉందో లేదో ఉండదు. బీపీ గోలీ రోజూ ఎవరు గుర్తుచేస్తారో ఉండదు. ఆర్నెల్ల తర్వాత అబ్బా ఒక్కో మాటా వెతుక్కుంటూనైనా మాట్లాడుతున్నారు. ఒక్కోసారి ఉర్దూ మాట దొరక్కపోతే తెలుగు మాట వస్తుంది. అమ్మీకి "నీళ్లు" అని చెప్తారు. అమ్మీ నవ్వుతూ తెచ్చిస్తుంది.

ఫాలిజ్ పడిన ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా ఉండి అడగాల్సిన మాటలు ఇవి. ఖూన్ కారిందా, గడ్డ అడ్డుపడిందా? దాగ్ ఎక్కడ, ఎంత? ఈ ఫిల్ము లక్షణాలు మొదలైన ఎన్ని గంటలకి తీసింది? మళ్లీ స్కాన్ ఎప్పుడు? ఇప్పుడు ఇలాజ్‌లో ఏ ఫైసలాకి ఈ అంకె పనికొస్తుంది? జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. ఫిల్ములు, సీడీలు తేదీలవారీగా దాచండి, పై డాక్టరు దగ్గరికి అవే తీసుకుపోవాలి. మనిషి పడిన టైమ్, ఆఖరిసారి బాగా ఉన్న టైమ్ రెండూ యాద్ పెట్టుకోండి. డాక్టర్లు మొదట అడిగేది అదే. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఫోన్‌లో ఎవరైనా అంకె వినగానే ఉమ్మీద్ లేదంటే, ఆ మాటని వరండాలో అందరికీ వినిపించకండి. ముందు డాక్టర్ని అడగండి, రెండు రోజులు ఆగండి.